అంతా ఠీక్ హై సాబ్

ఫౌజులో క్లర్కుగా రిటైరై నిజామాబాద్ వచ్చాక, గాయపడ్డ మాజీ సైనికులకు పింఛను కాగితాలు రాసిపెట్టడం నా పనైంది. జీతం లేదు, చాయ్ మాత్రం ఎవరో ఒకరు తాగిస్తారు. ఈ పనిలో నాకు కోపం తెప్పించేది ఆఫీసులు కావు, మా జవాన్లే. ఏ అధికారి ఎట్లా ఉన్నావని అడిగినా, కాలు లేనివాడు కూడా ఛాతీ విరిచి "ఠీక్ హై సాబ్" అంటాడు. అధికారి అదే రాసుకుంటాడు.

బోధన్ దగ్గర చెరుకు వేసే ఒకాయన ఇందులో అందరినీ మించినవాడు. మందుపాతర పేలి ఎడమకాలు తొడ దాకా పోయింది, కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. అయినా చెరుకు నరికే రోజుల్లో గట్టున కుర్చీ వేసుకుని కూలీలకు ఆర్డర్లిస్తాడు. ఆ కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టేది, స్నానం చేయించేది భార్య. ఎత్తీ ఎత్తీ ఆమె నడుం పోయింది. ఇంకా బరువులెత్తితే నువ్వే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. తోడుమనిషిని పెట్టుకోవడానికి సర్కారు ఇచ్చే భత్యం వస్తేనే ఆమెకు విడుపు. కిందటేడు మెడికల్ బోర్డు ముందు ఈయన ఠీక్ హై అన్నాడు, దరఖాస్తు వాపసొచ్చింది.

ఈసారి నేను వదల్లేదు. వారం రోజులు బోధన్ బస్సెక్కి వెళ్లి పాఠం చెప్పాను. నేను డాక్టరుని, ఆయన ఆయనే. స్నానం ఎవరు చేయిస్తారంటే "నా భార్య సాబ్" అనాలి. ఆ ముక్క అనడానికి ఆయన పడ్డ అవస్థ చూస్తే, మందుపాతర దగ్గర కూడా ఇంత పడి ఉండడనిపించింది. పనిలో పనిగా ఆమెకూ నేర్పాను.

హైదరాబాద్‌లో బోర్డు రోజున ఆయన ఇస్త్రీ చొక్కాతో, మెడల్స్‌తో దిగాడు. అప్పుడే నా గుండె జారింది. పెద్ద డాక్టరు స్నానం సంగతి అడిగాడు.

"నేనే జేసుకుంట సాబ్. అంతా ఠీక్ హై."

ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ నాకు, ఆ ఉన్న కాలు కూడా విరగ్గొట్టాలనిపించింది. డాక్టరు భార్యను అడిగాడు. ఆమె కొంగు సర్దుకుని, ఆయనకు ఎవరి అవసరమూ లేదంది. నలుగురు పెద్ద ఆఫీసర్ల ముందు మొగుణ్ని తక్కువ చేయడం ఆమెకూ చేతకాలేదు. నా వారం రోజుల కష్టం గంగలో కలిసింది.

డాక్టరు బీపీ మిషను దగ్గరికి లాక్కుని, రక్తపోటు చూడాలి, చొక్కా ఎడమచెయ్యి పైకి మడవమన్నాడు. ఆయన చెయ్యి చాపాడు, డాక్టరు వైపు కాదు, భార్య వైపు. ఆమె గుండీ విప్పి, చొక్కా మడిచి, భుజం మీది నూలుపోగు కూడా తీసేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఏం చేశారో వాళ్లకే తెలియదు. డాక్టరు కలం తీసి చాలాసేపు రాశాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చి ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

బయటికొచ్చాక, తోడుమనిషి అవసరమని రాశారని చెబితే ఆయన ముఖం మాడింది. అన్నీ నేనే చేసుకుంటానని చెప్పినా ఎట్లా రాశారని నన్నే నిలదీశాడు. నేను ఫైలు కట్టుకునే పనిలో పడ్డాను. ఇక ఎవడో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి తనకు గుండీలు పెడతాడా అని సణిగాడు.

ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా బెంచీ మీద కూర్చుంది.

"ఎత్తుడు దించుడు వాడు సూసుకుంటడు. గుండీలు నేనే పెడ్త. గవి ఎవ్వలకియ్య."