క్యాబేజీలు పండించిన చక్రవర్తి

మా ఆయనకి ఓ రోమ్ చక్రవర్తి పూనాడు. మా యూ టీ స్టేషన్లో రైలెక్కింది మొదలు ఆఫీసు చేరేదాకా ఫోన్లో ఆ చక్రవర్తి వీడియోలే. ఒక్కడి వల్ల కాదని సామ్రాజ్యాన్ని నలుగురికి పంచాడట, పన్నులు సరిచేశాడట, ఇరవై ఏళ్లు ఏలాక కిరీటం తనంతట తానే పక్కన పెట్టి క్యాబేజీలు పండించుకున్నాడట. ఉద్యోగాలతో విసిగిన మగాళ్లందరికీ ఇప్పుడు ఆయనే దేవుడు. ప్రతి వీడియో కిందా దండాలే.

మొదట నవ్వాను. బ్యాంకులో తన పనిని నలుగురు జూనియర్లకి పంచినప్పుడు మెచ్చుకున్నాను కూడా. ఊరి చివర క్రాంజీలో చిన్న మడి అద్దెకు తీసుకుని క్యాబేజీ నారు వేశాక మాత్రం నాకు గుబులు మొదలైంది.

ఓ ఆదివారం ఇడ్లీ తింటూ అన్నారు, "నెలాఖరుకి రిజైన్ చేసేస్తున్నా. ఇరవై ఏళ్లు చాలు."

 ఈ పరాయి దేశంలో నేనూ పిల్లా ఉంటున్నది ఆయన ఉద్యోగం మీద ఇచ్చిన పాసులతోనే. అది పోతే ఇవీ పోతాయి, వారాల్లో సామాను సర్దుకోవాలి. పిల్లకి అక్టోబరులో 'ఓ లెవెల్' పరీక్షలు, మన పదో తరగతి లాంటివి.

"ఎగ్జామ్స్ అయ్యాక క్విట్ చెయ్యొచ్చు కదా నాన్నా, ప్లీజ్ లా," అంది పిల్ల ఇక్కడి యాసలో.

"ఆ చక్రవర్తి ఎవర్నీ అడగలేదమ్మా, దిగిపోయాడంతే," అన్నారు.

అప్పట్నుంచీ లిఫ్టులో భయం, కూరలు కొంటుంటే భయం. పాసులు తీసి గడువు చూసుకోవడం, మళ్లీ లోపల పెట్టడం. ఆ మహానుభావుడి సంగతేమిటో తేల్చుకుందామని లైబ్రరీకి వెళ్లి, చరిత్ర పుస్తకంలో క్యాబేజీల పేజీ దాటి చదివాను. 

పై ఆదివారం ఆయనతో మడికి వెళ్లాను. ఈ వేడికి క్యాబేజీ గడ్డ కట్టలేదు. ఉత్త ఆకులే. ఆయన నీళ్లు పెడుతున్నారు.

"ఏమండీ, మీ చక్రవర్తి దిగిపోయాక భార్యా కూతురూ ఏమయ్యారు?"

"ఆయనకి పెళ్లయిందా?"

ఇన్ని నెలలు, ఇన్ని వీడియోలు! చెప్పాను. గద్దెనెక్కిన కొత్తవాడు తల్లీకూతుళ్లని వెళ్లగొట్టాడు. బిడ్డని తన దగ్గరికి పంపమని పాత చక్రవర్తి ఎన్ని కబుర్లు పెట్టినా, దిగిపోయినవాడి మాట ఎవడూ వినలేదు. ఇద్దరూ వేషాలు మార్చుకుని ఊళ్లు పట్టుకు తిరిగారు. దొరికాక తలలు నరికారు. 

ఆయన కుళాయి కట్టేశారు. 

"పిల్ల పరీక్షలు ఏ నెలన్నావు?" అని అడిగారు.