ఏసీ వెయ్యని ఏసీల ఖాదర్

రియాద్‌ల, మలాజ్ బస్తీల మా బిల్డింగుకు ఎదురుంగ ఖాదర్ భాయ్‌ది ఏసీలు బాగుచేసే దుకాణం. అందుల ఏసీ మాత్రం ఎన్నడూ నడవదు. ఆయన నడవనియ్యడు.

"భాయ్, బయట యాభై డిగ్రీలున్నది!"

"బయట గదా పోచక్కా. మనం లోపలున్నం."

బిల్లులు రాసే గుమాస్తా సదానందం మెడకు తడి తువ్వాల చుట్టుకొని కూసుంటడు. చెమట పడి సిరా పారుతుంటే ఖాదర్ భాయ్ ఏసీ వేసిండనుకున్నరా? పెన్ను గుంజుకొని పెన్సిలిచ్చిండు. అదీ సగమే. రిపేరైన ఏసీని పరీక్షకు నడిపితే సదానందం కుర్చీ జరుపుకొని దాని ముందుకు ఉరుకుతడు. "నడుస్తున్నది, చాలు!" ఒక్క నిమిషానికి బంద్.

ఆ ఏడు సౌదీ సర్కారు నితాఖత్ కానూను తెచ్చింది. సౌదీ మనిషి ఒక్కడన్నా పనిల లేని దుకాణాలన్నీ సర్కారు పట్టీల ఎరుపు రంగుల పడ్డయి. ఎరుపుల పడితే పనోళ్ళ ఇకామా, అంటే ఈడ ఉండే పర్మిటు, మళ్ళ చేయరు. సదానందం ఇకామా ఒక్క నెలకే అయిపోతది. ఇంటికాడ బిడ్డ కావ్యకు నర్సింగు చదువు ఇంకా ఏడాదున్నది.

నా కిటికీ ఊకుంటదా? ఒకనాడు చూస్తే, ఖాదర్ భాయ్ ఇనుప పెట్టెల నుంచి సదానందం పాస్‌పోర్టు తీసి జేబుల పెట్టుకుంటున్నడు. పెట్టెల పాస్‌పోర్టు బయటికొచ్చిందంటే ఖురూజే. ఇంటికి తోలుడే!

చేతుల పిండి చేతులనే ఉన్నది. అబాయా తిరగేసి తొడుక్కొని దిగిన. ముందుగాల ఏసీ స్విచ్చు వేసిన.

"ఏందక్కా!" బంద్ చేసిండు.

"పదేండ్లు ఉడకబెట్టి, ఇప్పుడు తోలిస్తవా?" మళ్ళ వేసిన.

"ఎవరన్నరు?" బంద్.

"నా కండ్లార చూసిన! ఈయన పోడు. ఎవరొచ్చి తోలుతరో ఈ గడపల కూసోని చూస్త!" వేసిన.

సదానందం స్విచ్చునే చూస్తున్నడు. "జర నిమ్మలంగ కొట్లాడుండ్రి పోచక్కా. ఇప్పుడిప్పుడే సల్లగైతున్నది."

ఖాదర్ భాయ్ జేబుల నుంచి కాగితం తీసి బల్ల మీద కొట్టిండు. "తోలుతున్న. ఇంటికి కాదు, సౌదీలను పనిల పెట్టుకొని ఆకుపచ్చల ఉన్న కంపెనీకి. ఎరుపు దుకాణాల పనోళ్ళు అట్ల మారొచ్చు. పద్నాలుగు ఆఫీసులు తిరిగితే ఒక్కడు ఒప్పుకున్నడు."

టాక్సీ ఎక్కే మనిషి కాదు. చెప్పుల అడుగులు అరిగి కాలి వేళ్ళు నేలకు తాకుతున్నయి. ఆ ఎండల!

"మరి నువ్వు భాయ్?"

"నా ఇకామా ఇంక ఎనిమిది నెలలున్నది. దుకాణం ఎవడు మూస్తడో రమ్మను."

వారం పోయినంక మా ఆయన్ని ఎంటబెట్టుకొని ఆ కంపెనీ చూసొచ్చిన. చూడకుంటే నాకు అన్నం దిగుతదా? సదానందం ఏసీ కిందనే, స్వెట్టరేసుకొని వణుక్కుంట రాస్తున్నడు. "ఖాదర్ భాయ్ ఒక్కటే షరతు పెట్టిండట అక్కా. నా కుర్చీ ఈడనే వెయ్యాలెనని."

తిరిగొచ్చి దుకాణంల నిలబడి అడిగిన. "ఏం భాయ్, షరతు పెట్టినవట?"

ఉక్కపోతల పెన్సిలు చెక్కుకుంట, తల ఎత్తకుండనే అన్నడు: "ఆడ కరెంటు బిల్లు మనది కాదు గదక్కా."