నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన కథ

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం మూడు కొట్టేసరికి అమ్మ నులకమంచం మీద ఫోను పట్టుకుని కూర్చునేది. నేను గోడగడియారానికి ఎదురుగా పీట వేసుకుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని.

మరీ పాతకాలం అనుకోకండి... మా నూజివీడు ఇంటికి అప్పుడే టచ్‌ఫోన్ వచ్చింది. నాకు పదకొండేళ్ళు. అమ్మ తెలుగు టీచరు. కథలంటే ఇష్టమున్న ఓ పాతికమందిని పోగేసి ఫోన్‌లో గ్రూపు పెట్టింది. ఆగిరిపల్లి నుంచి ఇద్దరు టీచర్లు, హనుమాన్ జంక్షన్‌లో మందుల షాపాయన, మా చర్చిలో పాటలు పాడే ఆంటీ... చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళే.

మూడింటికి అమ్మ గ్రూపులో ఒక మాట పెట్టేది. ఇరవై నిమిషాల్లో దాని మీద చిన్న కథ రాసి గ్రూపులో పెట్టాలి. అందరికీ నచ్చిన కథకి చప్పట్లు... మామిడికాయల రోజుల్లో అయితే నాన్న తోటలోంచి ఒక బుట్ట చిన్నరసాలు. అంతే పోటీ.

టైమ్ చూడ్డం నా పని. మూడూ ఇరవై అవగానే అమ్మ చేతిలో ఫోను లాక్కుని "టైమ్ అయిపోయిందండీ" అని టైప్ చేసేదాన్ని. అప్పటికి వచ్చినవాళ్ళ పేర్లే పుస్తకంలోకి ఎక్కేవి. క్లాసులో ఎవరూ లీడరుగా పెట్టని నాకు... పాతికమంది పెద్దవాళ్ళు నా మాట వినడం ఎంత గొప్పగా ఉండేదో!

మైలవరం నుంచి సత్యనారాయణ గారని ఒక పెద్దాయన ఉండేవారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ప్రతివారం రాసేవారు... ప్రతివారం ఆలస్యమే. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. కథ మాత్రం అందరికన్నా బాగుండేది.

"పోనీలేవే, పెద్దాయన" అనేది అమ్మ.

"రూల్ అంటే రూలేనమ్మా. నువ్వే కదా పెట్టావ్!"

ఆయన పేరు పుస్తకంలోకి ఎక్కేది కాదు.

ఒక మే నెల ఆదివారం అమ్మ పెట్టిన మాట "మాగేసిన కాయ". ఆయన కథ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వరిగడ్డిలో మాగేసిన మామిడికాయల్ని గంటకోసారి వెళ్ళి వాసన చూసొచ్చే ఒక చిన్నపిల్ల... "ఊరికే కదిపితే మాగవే" అని తిట్టే నాయనమ్మ... కాయలు పండే లోపలే ఆ నాయనమ్మ పోతుంది.

చదివి అమ్మ కళ్ళు తుడుచుకుంది. గ్రూపులో అందరూ "ఈ ఒక్కసారికి లెక్కలోకి తీసుకోండి" అని అడిగారు.

నేను టైప్ చేశాను... "టైమ్ దాటాక వచ్చింది. లెక్కలోకి రాదు."

కాసేపటికి ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "సరే తల్లీ. రూలు రూలే."

తర్వాతి ఆదివారం ఆయన కథ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి ఫోను పెట్టేసింది.

"వాళ్ళావిడ పోయారంట..." అంది.

నాన్న బండి మీద ముగ్గురం మైలవరం వెళ్ళాం. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన పరుపు తీసేసిన మంచం, దాని కింద ఇంకా ఆవిడ మరచెంబు... ఆయనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

"మా అమ్మాయండీ. టైమ్ చూసేది ఇదే" అంది అమ్మ. ఆయన నన్ను చూసి కాస్త నవ్వారు.

"ఆ కథలు నావి కావమ్మా. మా అన్నపూర్ణవి."

పక్షవాతం వచ్చి మూడేళ్ళుగా ఆవిడ మంచంలోనే ఉన్నారట. మాట ముద్దముద్దగా వచ్చేదట. ఆవిడ ఒక్కో మాటా చెబుతుంటే ఆయన ఒంటివేలితో టైప్ చేసేవారు. అర్థం కాకపోతే మళ్ళీ అడగాలి. అయ్యాక మొత్తం చదివి వినిపించాలి... వినకుండా పంపనిచ్చేవారు కాదట. మాగేసిన కాయ కథే ఆవిడ చెప్పిన చివరిది.

"మాతో ఒక్క మాట అనలేదేంటండీ? ఎంత టైమైనా ఇచ్చేవాళ్ళం కదా" అంది అమ్మ.

"అదే వద్దనేదమ్మా. అందరిలాగే రాస్తాను, జాలిపడి ఇస్తే నాకొద్దు అనేది. గెలవాలని కూడా కాదు... ఒక్కసారన్నా టైమ్ లోపల పంపాలని ఉండేది."

"సారీ తాతగారూ..." అన్నాను.

ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, "నువ్వేం చేశావమ్మా... నీ పని నువ్వు చేశావ్" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక నోటుపుస్తకం తీసి, ఆ ఆదివారం పేజీలో అన్నపూర్ణమ్మ గారు అని రాశాను. రాసి చూసుకుంటే... ఆవిడ వద్దన్నది ఇదే కదా అనిపించింది. కొట్టేయడానికి చేతులు రాలేదు. అలా ఉంచడానికీ మనసొప్పలేదు.

ఓ నెల పోయాక ఆయన మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. నాలుగైదు లైన్లు, అంతే. ఎప్పుడూ ఆలస్యం కాలేదు. పది నిమిషాలకే వచ్చేసేవి... మధ్యలో ఎవర్నీ మళ్ళీ అడగక్కర్లేదు, ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు కదా. పుస్తకంలో ఆయన పేరు అందరికన్నా ముందు రాసేదాన్ని.

ఏడాది తిరిగేసరికి అదీ మానేశారు. గ్రూపులో కథలు తగ్గి గుడ్‌మార్నింగ్ పువ్వులు పెరిగాయి. అమ్మ ఫోను పాడైపోయి, కథలన్నీ దాంతోనే పోయాయి. గ్రూపులో ఎవర్నడిగినా ఆవిడ చివరి కథ దాచుకోలేదన్నారు... పైన నేను చెప్పిన ఆ నాలుగు ముక్కలే మిగిలాయి.

ఇప్పుడూ ఆన్‌లైన్‌లో ఇలాంటి పోటీలు బోలెడు. స్నేహితులతో కలిసి నేనూ ఒకటి నడుపుతున్నాను. టైమ్ కాగానే లింకు దానంతటదే మూసుకుపోతుంది. "ఈ ఒక్కసారికి" అని బతిమాలడానికి అవతల మనిషంటూ ఉండరు... ఎవరు ఎందుకు ఆగిపోయారో మాకూ తెలీదు.

మీ గ్రూపుల్లోనూ ఒకప్పుడు రాసి, ఉన్నట్టుండి కనబడకుండా పోయినవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళెవరో, ఏం రాసేవారో గుర్తున్నంత వరకు కింద చెప్పండి. నేను చదువుతాను.