గుమ్మం దగ్గర పీట

మా పక్కింటి టీచరుగారు మొన్న బుధవారం పొద్దున పోయారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు తెనాలి నిండా ఉన్నారు. మా చెల్లి ఒక్క అక్షరం నేర్చుకోలేదు. కానీ ఆవిడ వల్లే ఇల్లు దాటి నలుగురిలోకొచ్చింది.

చెల్లికి మైకు మోత పడదు. చెవులు మూసుకుని గోడకి అతుక్కుపోతుంది. పెళ్లయినా సభయినా మేం బయల్దేరితే దాన్ని ఇంట్లో ఉంచి బయట గడియ. కరపత్రాల్లో ఇలాంటి పిల్లల హక్కుల గురించి చదివి నేను ఇంట్లో అరిచేవాణ్ణి. టీచరుగారు పిట్టగోడ మీంచి, "చాల్లేరా, అది నీ గొంతుకే బెదురుతోంది. పద, నాటక పోటీల దగ్గర దానికో చప్పుడు లేని గది అడుగుదాం" అన్నారు.

వెళ్లి అడిగితే పోటీల కమిటీ పెద్దాయన నవ్వాడు. "నాటకాలకొచ్చి నిశ్శబ్దం కావాలంటారేంటండీ?"

"మరుగుదొడ్డి పెట్టారుగా నాయనా! నాటకానికొచ్చి అదెందుకని ఎవరైనా అడిగారా? ఇదీ అంతే."

మేకప్ గది పక్కన సామాన్ల కొట్టుగది ఇచ్చారు. పాత స్టేజీ తెరని మోత ఆగేలా మడతలేసి తలుపుకి కట్టించారావిడ. లోపల చాప, మంచినీళ్లు, చిన్న బల్బు. గుమ్మం దగ్గర పీటేసుకుని తనే కూర్చున్నారు. "అమ్మాయికేమైందండీ?" అని ఎవరు తొంగిచూసినా, "ఏమీ కాలేదు, కూర్చుంది" అనేవారు. కాసేపు నాటకం, కాసేపు గది. చెల్లి మొదటిసారి ఆఖరి సీను దాకా చూసింది.

ఆ తర్వాత రేపల్లె పెళ్లికైనా, బాపట్ల సభకైనా ఆ తెరా, పీటా మాతో బస్సెక్కేవి. మిగతా రోజుల్లో తెర ఆవిడ ఇంట్లో వెనక గది తలుపుకి వేలాడేది. ఇది చదివే కమిటీలవాళ్లూ, మీ పందిట్లో వీఐపీలకి గదుంటుంది. మా చెల్లికేదీ?

బుధవారం ఆవిడ ముఖం చూడాలని చెల్లే నన్ను లాక్కెళ్లింది. ఆవిణ్ణి వసారాలో పడుకోబెట్టారు. మేం గుమ్మం ఎక్కామో లేదో, డప్పులు, టపాకాయలు. చెల్లి వెనక గదిలోకి పరిగెత్తింది. మేళం తెప్పించింది ఆ కమిటీ పెద్దాయనే.

"ఆపండి! ఆవిడ దేనికోసం తిరిగారో తెలీదా మీకు?"

"చావింట గొడవేంట్రా! అంత పెద్ద టీచరుగారిని చప్పుడు లేకుండా పంపిస్తామా?" అంటూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఆయన్ని తిట్టలేక, చెల్లిని బయటికి తేలేక నడవలో ఇరుక్కుపోయాను.

పాడె లేచింది. చెల్లి చూడనేలేదు.

డప్పులు వీధి మలుపు దాటాక తెర కదిలింది. చెల్లి బయటికొచ్చి, వసారాలో ఖాళీ చోటు చూసింది. పీట తెచ్చి ఆ గది గుమ్మం దగ్గర వేసుకుని కూర్చుంది, అచ్చం టీచరుగారిలా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. అమ్మ తెర తొలగించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

లోపల ఎవరూ లేరు.