అప్పడాలూ, ఎదురొచ్చే పిన్నిగారూ

మా నాన్న కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. వర్జ్యం, రాహుకాలం, పిల్లి ఎదురు రావడం లాంటివి ఎవరైనా ఆయన ముందు ఎత్తితే చాలు, వాళ్లకి గంట క్లాసు. అమ్మ ఆ క్లాసులన్నీ వింది, ఒక్కటీ పాసవలేదు. ఇల్లు కదలాలంటే ముందు ఆవిడ గేటు తీసి, వీధి అటూ ఇటూ చూసి, "ఇప్పుడు రండి" అనాలి. వాళ్లిద్దరి మధ్యా నేను కారు స్టార్ట్ చేసి పెట్రోలు తగలేస్తూ కూచుంటాను.

నాన్నకి వచ్చింది ఎముకల మూలుగలో పుట్టే కేన్సరని తేలినరోజు డాక్టరుగారు చెప్పిందేదీ మా బుర్రకెక్కలేదు. చివరికి నాన్నే విడమరిచి చెప్పారు.

"మూలుగలో కొన్ని కణాలుంటాయి. జబ్బుల మీదికి రకరకాల యాంటీబాడీలు తయారుచేసి పంపడం వాటి పని. అందులో ఒకటి చెడిపోయి, తనలాంటివాటినే పెంచుకుంటూ, ఎందుకూ పనికిరాని ఒకే ఒక్క యాంటీబాడీని తయారుచేస్తూ పోతుంది. పెళ్లికి పిలిచిన వంటవాడు పప్పూ పులుసూ ఎగ్గొట్టి, గుండిగలకొద్దీ అప్పడాలు మాత్రమే వేయించి పంపినట్టు. రక్తంలో అప్పడాలెన్ని ఉన్నాయో చూస్తే లోపల అలాంటి వంటవాళ్లు ఎంతమంది చేరారో తెలుస్తుంది. తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. పెరిగితే జబ్బు మళ్లీ లేస్తున్నట్టు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ రక్తపరీక్ష పేరు అప్పడాలు. అమ్మ వంటింట్లోంచి అసలు అప్పడాల డబ్బా తీసుకెళ్లి పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. "దానికీ దీనికీ ఏం సంబంధమే!" అని నాన్న నెత్తి కొట్టుకున్నారు.

మందు మొదలెట్టాక మొదటి పరీక్షకి బయల్దేరుతుంటే ఎదురింటి పిన్నిగారు మా గేటు దాకా వచ్చేశారు. ఆవిడ ముస్లిం. వన్‌టౌన్ షాపులకి జాకెట్లు కుడతారు. భర్త పోయి చాలాకాలమైంది. మా అమ్మ శాస్త్రం ప్రకారం భర్త పోయిన మనిషి ఎదురైతే వెనక్కి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి కాసేపు కూచోవాలి. కానీ పిన్నిగారి చేతిలో అమ్మ కోసమే తెచ్చిన కరివేపాకు ఉంది, మొహం నిండా నవ్వు ఉంది. అమ్మ మొహమాటానికి ఊరుకుంది. బందరు రోడ్డు పొడుగునా దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉంది.

అప్పడాలు సగానికి పడిపోయాయి.

అమ్మకి శాస్త్రం కంటే ఫలితం ముఖ్యం. మర్నాడే పిన్నిగారికి ఉద్యోగం ఖాయమైంది. పరీక్షకి వెళ్లే ప్రతిసారీ ఆవిడ వీధి చివర్నుంచి కరివేపాకుతో నడిచి రావాలి. గేటు దగ్గర అమ్మ చెయ్యి ఊపగానే బయల్దేరాలి. "మరీ నవ్వకు చెల్లెమ్మా, అనుకోకుండా వచ్చినట్టుండాలి" అని అమ్మ కేకేసేది. పిన్నిగారు నవ్వాపుకోలేక కరివేపాకుతో మూతి కప్పుకునేవారు. "కానివ్వండి, కానివ్వండి మీ నాటకం" అంటూ నాన్న కారెక్కేవారు. అప్పడాలు తగ్గుతూనే వచ్చాయి.

మొన్న ఎండాకాలంలో పిన్నిగారు కూతురి పురుడికని హనుమాన్ జంక్షన్ వెళ్లారు. సరిగ్గా అప్పుడే పరీక్ష వచ్చిపడింది. అమ్మ వీడియో కాల్ చేసింది.

ఫోను పట్టుకున్నది వాళ్ల అల్లుడు. ముందు మాకు అతని గడ్డమూ, ఆ పైన ఆకాశమూ కనపడ్డాయి. సరిచేశాక పిన్నిగారు హైవే పక్కన నడిచొస్తూ కనిపించారు.

"చేతిలో అదేంటి, కొత్తిమీరా?" అంది అమ్మ.

"కరివేపాకు దొరకలేదక్కా!"

అంతలో ఆవిడ వెనకనుంచి సుబాబుల్ కర్రల లోడు లారీ ఒకటి, తెరంతా నిండుతూ మా మీదికే వచ్చింది. "కట్టెలు!" అని అమ్మ ఫోను సోఫా మీదికి గిరాటేసింది. ప్రయాణంలో కట్టెలెదురైతే ఇంక చెప్పేదేముంది.

"ఆ లారీ పోయింది హనుమాన్ జంక్షన్‌లో, నా నెత్తుట్లో కాదు. పదండి" అన్నారు నాన్న.

అప్పడాలు పెరిగాయి.

కొంచెమే. "ఈ ఒక్క అంకె చూసి కంగారుపడకండి. నెలాగి మళ్లీ చేయిద్దాం. అప్పుడూ పెరిగితే మందు మారుద్దాం" అన్నారు డాక్టరుగారు. అమ్మ లారీని తిట్టింది. నేను అమ్మని తిట్టాను. ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే ఏడుపొచ్చేలా ఉంది మరి. నాన్న మాత్రం ఎవరికీ క్లాసు పీకలేదు. నాకు అన్నిటికంటే దానికే భయమేసింది.

నెల తిరిగింది. పిన్నిగారు ఊరినుంచి వచ్చారు గానీ, పరీక్షరోజు తలుపేసుకుని కూచున్నారు. అమ్మ వెళ్లి పిలిస్తే కిటికీలోంచే మాట్లాడారు.

"వద్దక్కా. నా ఎదురు మంచిది కాదు. లోకం ఎప్పుడూ అనేదేగా. మాస్టారికి నా వల్ల ఏమన్నా అయితే నేను తట్టుకోలేను."

లోకం అంటుందన్న ఆ మాట ఒకప్పుడు అమ్మ అనుకున్నదే. ఆవిడ ఆ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయింది.

నేను హారన్ కొట్టాను. నాన్న కారెక్కలేదు. రోడ్డు దాటి వెళ్లి పిన్నిగారి గుమ్మం మెట్టు మీద కూచున్నారు.

"నువ్వు ఎదురొస్తేగాని నేను కదలనమ్మా."

"నాన్నా, ఈ మాట అంటున్నది మీరేనా?" అన్నాను కారులోంచి తల బయటపెట్టి.

"సైన్సు ల్యాబులో ఉంటుందిలేవే. ఇక్కణ్ణుంచి అక్కడిదాకా వెళ్లడానికి నాకు భయంగా ఉంది."

తలుపు తెరుచుకుంది. పిన్నిగారు పెరట్లోకి వెళ్లి కరివేపాకు రెమ్మ తుంచుకుని వీధి చివరికి నడిచారు. నాన్న వచ్చి కారెక్కారు. ఈసారి అమ్మ చెయ్యి ఊపలేదు, నవ్వకు అని చెప్పలేదు. పిన్నిగారు కొంగుతో మొహం తుడుచుకుంటూ మా వైపు నడిచొచ్చారు. ఆవిడ కారు దగ్గరికి రాగానే నేను గేరు వేశాను.

నాన్న అద్దం దించారు.

"ఏమనుకోకమ్మా. కాలి చెప్పు సర్దుకుంటూ నువ్వు రావడం సరిగ్గా చూళ్లేదు. ఇంకొక్కసారి వస్తావా?"