చ పోయిన ఏడాది

తొంభైల చివర్లో, ప్రేమ్ బజార్‌లో రిక్షా దిగుతూ బోర్లా పడి ముందు పళ్లు రెండు పోగొట్టుకున్నాను. పెట్టుడు పళ్ల ప్లేటు చేయించుకుంటే అది అంగిట్లో అడ్డంగా పడుకునేది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ బడిలో నేను తెలుగు టీచర్ని. ఒకరోజు డిక్టేషన్‌లో "చినుకు, చెరువు, చేప" అని చెప్పాను. దిద్దబోతే క్లాసు క్లాసంతా "సినుకు, సెరువు, సేప" అని రాసి ఉంది. ఎర్ర పెన్ను ఎత్తి ఆగిపోయాను. పాపం, నేను పలికిందే రాశారు.

నాకు తగిన శాస్తే అనుకోండి. మా ఆయన వర్క్‌షాప్‌లో ఫిట్టరు, వాళ్లది శ్రీకాకుళం వైపు. ఆయన "సెప్పు" అన్నప్పుడల్లా "చెప్పు" అని దిద్దేదాన్ని, చుట్టాల ముందు కూడా. నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు నా నోటికీ అదే వస్తే, ఆయన ఒక్కసారైనా వెక్కిరించలేదు. అందుకే మరీ సిగ్గేసింది.

చ రాకపోతే బడి మానేయడమేనని ఏడ్చాను. కలకత్తాలో ఎముకలోకి స్క్రూ బిగించి, దానిమీద పన్ను పెడతారని ఆయనే తెలుసుకున్నారు.

"నాను అంతా కనుక్కునే వచ్చినాను. ఏటే అంత బయం? మిసనుకి పౌండేసన్ బోల్టు ఏసినట్టే. బిగించినాక కదపకుండా సెట్టవనివ్వాల, అంతే."

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. "లాగ్లే హాత్ తుల్బేన్, దీదీ" అంది. నొప్పి పుడితే చెయ్యెత్తమని. బెంగాలీ నాకు బాగానే వచ్చు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక తెలుగు చెవులే మిగిలాయి. ఉన్న పళ్లు కూడా లాగేస్తానంటోందనుకుని, ఆవిడ ఏదీ ముట్టుకోకముందే రెండు చేతులూ ఎత్తేశాను. ఆవిడ నవ్వాపుకుని, నా భుజమ్మీద చెయ్యి వేసి, మెల్లగా మళ్లీ చెప్పింది. ఆ చెయ్యిని నేను మరిచిపోలేదు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సూది గట్టిగానే గుచ్చుకుంది. తర్వాత డ్రిల్లు చప్పుడు పుర్రెంతా మోగింది కానీ నొప్పి తెలియలేదు. అసలు సలుపు తిరుగు రైల్లో, మత్తు దిగాక మొదలైంది. మర్నాటికి పెదవి ముక్కును అందుకునేంత వాచింది. మూడో రోజుకి కాస్త నయం. వారం తిరిగాక కుట్లు విప్పేటప్పుడు చురుక్కుమంది, అంతే. ఆ వారమంతా ఆయన డ్యూటీకి వెళ్లే ముందు జావ కాచి, చల్లార్చి, ఐసుముక్కలు గుడ్డలో చుట్టి చేతికిచ్చేవారు. ఆ జావకి అప్పుడు దణ్ణం పెట్టలేదు, ఇప్పుడు పెడుతున్నాను.

ఎముక స్క్రూని పట్టుకోవడానికి ఆరు నెలలు. నొప్పి కంటే ఆ ఎదురుచూపే నన్ను ఎక్కువ నలిపింది. అన్నాళ్లూ డిక్టేషన్ జోలికి పోలేదు.

పళ్లు బిగించిన రోజు రైల్లో పెదాలు మూసుకునే కూర్చున్నాను. పలికి చూసుకోవాలంటే భయం. సుభాష్‌పల్లిలో మా గుమ్మం ఎక్కాక, గుండె చిక్కబట్టుకుని "చినుకు, చెరువు, చేప" అన్నాను. మూడూ వచ్చాయి. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మయ్య! నీకో మాట సెప్పాల..." అని నాలుక్కరుచుకుని, "చ... చెప్పాల" అని కూడదీసుకున్నారు.

ఆయన తనను తానే అలా దిద్దుకోవడం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ కొత్త పళ్లతోనే, కావాలని, "సెప్పండి" అన్నాను.