గట్టు మీద ఒక్కతే

కొన్నేళ్ళుగా ఒక మనిషిని లోపల మోస్తున్నాను. ఆయన నాకు చుట్టం కాదు, స్నేహితుడు కాదు. మేమిద్దరం ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. ఆయన వైపు ఒకసారి చెయ్యి ఊపాను, అంతే. దాని గురించి చెబుదామని కాగితం ముందు కూర్చుంటే, పాత అలవాటు కొద్దీ ముందు గొప్పలే వస్తున్నాయి. కానివ్వండి. అవి బయటికి పోతే తప్ప నాకు అసలు మాట రాదు.

నేను ఏలూరులో పెళ్ళి ఫొటోగ్రాఫర్ని. పదివేల పెళ్ళిళ్ళు తీశానని స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాణ్ణి. లెక్క కడితే నా వయసు చాలదు. మంత్రిగారి అమ్మాయి పెళ్ళి తీశానని చెప్పేవాణ్ణి. పందిరి బయట బ్యాండుమేళం వాళ్ళని తీశాను. ఆ ఫొటోలు వాళ్ళే కొనుక్కున్నారు. తాడేపల్లిగూడెంలో పెళ్ళికొడుకు నవ్వలేదని ముహూర్తమే ఆపించానని చెప్పేవాణ్ణి. ఆపించలేదు. కరెంటు పోయింది.

ఒకటి మాత్రం నిజం. పెళ్ళిపందిట్లో నా మాటకి ఎదురుండేది కాదు. "పంతులుగారూ, మూడో ముడి సరిగ్గా పడలేదండి" అంటే ఆయన మళ్ళీ వేయించేవారు. పడనిది ముడి కాదు, ఫొటో. అప్పగింతల్లో ఏడుస్తున్న తల్లిని "కొంచెం ఇటు తిరగమ్మా" అంటే ఇటు తిరిగి ఏడ్చేది. అడ్డం వచ్చినవాళ్ళని నోటితో చెప్పక్కర్లేదు. కన్ను కెమెరాకి ఆనించే ఉంటుంది, ఎడమచెయ్యి గాల్లోకి లేస్తుంది, ఈగని తోలినట్టు రెండుసార్లు ఊగుతుంది. మేనమామలైనా, ఊరి పెద్దలైనా తప్పుకునేవాళ్ళు. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు పక్కకి పొమ్మంటే ఎందుకని ఎవరూ అడగరు. నన్ను ఎవరూ అడగలేదు కూడా. దాంతో చెయ్యి దానంతటదే లేవడం మొదలెట్టింది.

ఇంకా ఫిల్ము కెమెరాలే నడుస్తున్న రోజుల్లో ఒక జంట వచ్చారు. అమ్మాయిని సువార్త అంటాను, అబ్బాయిని రాంబాబు అంటాను. అసలు పేర్లు కావు. ఆమె ఏలూరులో టీచరు, తాడేపల్లిగూడెం క్రైస్తవ కుటుంబం. తండ్రి మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, సంఘంలో పెద్ద. అతను ముదినేపల్లి దగ్గర వరి రైతుల బిడ్డ. పెళ్ళి చర్చిలోనూ కాదు, పందిట్లోనూ కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి, మర్నాడు కలిదిండి వైపు స్నేహితుడి చేపలచెరువు గట్టు మీద చాపలు పరిచి అందర్నీ కూర్చోబెడతారట. ఒకరికొకరు చెప్పుకోవలసిన మాటలు చెప్పుకుని దండలు మార్చుకుంటారట. తర్వాత అన్నం, చేపల పులుసు.

"ఫొటోలు మాత్రం మీరు తీసేలా వద్దండి" అన్నాడు రాంబాబు.

"మరి ఎవరు తీసేలా బాబూ?"

"అసలు ఎవరూ లేనట్టు తియ్యాలండి. నవ్వమనకూడదు, ఇటు చూడమనకూడదు, ఎవర్నీ జరగమనకూడదు. ఏది జరిగితే అది."

"నేను అలాంటివి ఎప్పటినుంచో తీస్తున్నాను" అన్నాను. అప్పటిదాకా ఒక్కటీ తియ్యలేదు.

సువార్త నవ్వింది. "మా పిన్ని పెళ్ళికి మీరే కదండీ. పాస్టరుగారి చేత ఉంగరాలు రెండుసార్లు తొడిగించారు."

"రెండోసారే కదమ్మా గట్టిగా పట్టింది" అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. "చర్చిలో అయితే నాన్నగారి చెయ్యి పట్టుకుని నడిచేదాన్నండి. ఆయన రానన్నారు. అందుకని గట్టు మీద ఒక్కదాన్నే నడిచొస్తాను. అది ఎలా ఉంటే అలాగే తియ్యండి. బాగుండక్కర్లేదు."

బాగుండక్కర్లేదన్న మాట నా బుర్రకి ఎక్కలేదు. బాగుండని ఫొటో ఎందుకు?

ఆ రోజు జరిగినది మీకు రెండుసార్లు చెబుతాను. మొదటిది ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది.

గట్టు పొడుగ్గా, తిన్నగా ఉంది. రెండు వైపులా నీళ్ళు. ఆటోలు ఆగే రోడ్డు అటు చివర, చాపలు ఇటు చివర. మధ్యలో చెరువులోకి నీళ్ళు తోడే ఆయిలింజను పెద్ద చప్పుడుతో ఆడుతోంది. పొడుగు లెన్సు తగిలించుకుని ఇటు చివర మోకాళ్ళ మీద కూర్చున్నాను. సువార్త అటునుంచి బయల్దేరింది. తెల్లచీర, ఎర్ర అంచు. వెనక ఆకాశం, నీళ్ళు, ఇంకేమీ లేవు. అలాంటి ఫ్రేము నాకు జన్మలో దొరకలేదు. అంతలో ఆమె వెనక, బాగా దూరంలో, గొడుగుతో ఎవరో ముసలాయన గట్టెక్కాడు. చెరువు కాపలావాడనుకున్నాను. చెయ్యి ఊపాను. ఆయన ఆగి, గట్టు వాలులోకి దిగిపోయాడు. ఫ్రేము ఖాళీ అయింది. నొక్కాను.

దగ్గరికొచ్చాక సువార్త అడిగింది: "నన్ను ఆగమన్నారా అండీ?"

"లేదమ్మా. ఈగలు."

ఇదీ మొదటిది. ఇంతే అయితే ఇది తప్పు కాదు, పొరపాటు. దీనికోసం ఎవరూ కాగితాలు ఖరాబు చెయ్యరు.

వారం తర్వాత ఆమె ఒక్కతే స్టూడియోకి వచ్చింది. ఫొటోలు తీసుకుంది. నెగటివులు కూడా ఇమ్మంది, ఇచ్చాను. కవరు కట్టేసుకున్నాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

"ఏవండీ, ఒకటి అడగనా? గట్టు మొదట్లో ఒక పెద్దాయన ఆటో దిగి, కాసేపటికే తిరిగొచ్చి అదే ఆటో ఎక్కారటండి. ఆటో అతను మా స్నేహితులతో అన్నాట్ట. తెల్లచొక్కా, నల్లగొడుగు, చేతిలో గుడ్డసంచీ. మా నాన్నగారేమోనని."

నేను కత్తెర తుడుస్తున్నాను. తుడవవలసిందేమీ లేదు దానికి.

"మీ లెన్సులో దూరం కూడా కనపడుతుంది కదండీ. ఎవరైనా కనిపించారా?"

"ఎవరూ లేరమ్మా."

"నెగటివుల్లో ఒక ముక్క పొట్టిగా ఉందండి."

"వెలుతురు పడి ఒకటి పాడైంది."

"పాడైనా ఇవ్వండి, పర్లేదు."

"పారేశానమ్మా."

కాసేపు నా మొహంలోకి చూసింది. "సరేనండి. మీరు కాబట్టి అడిగాను. ఆ రోజు మీరు ఎవర్నీ జరగమనలేదు. చూసుంటే మీరే చెప్పేవారు."

వెళ్ళిపోయింది. ఆ ముక్క నా చొక్కాజేబులో ఉంది.

ఇక్కడే నన్ను నేను పట్టుకున్నాను, ఎన్నేళ్ళకో. చెరువు కాపలావాడైతే ఆ ముక్క ఎందుకు కత్తిరించినట్టు? అదీ ఆమె వచ్చి అడగకముందే? కాపలావాణ్ణి ఎవరు దాస్తారు? కాపలావాడి నెగటివు ఎవరు జేబులో పెట్టుకుంటారు?

అందుకని రెండోసారి చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

పొడుగు లెన్సుకి దూరం లేదు. ఆ ముసలాయన మొహం నాకు అరచేతిలో ఉన్నంత దగ్గరగా కనిపించింది. అదే నుదురు, అవే కనుబొమలు. ముందు నడుస్తున్న పిల్ల మొహమే వెనక ముసలిదై వస్తున్నట్టుంది. ఆయన నడవడం లేదు, పరుగులాంటిది. సంచీ మోకాలికి కొట్టుకుంటోంది. గొడుగు పైకెత్తి ఊపుతున్నారు. నోరు తెరిచి ఉంది. పిలుస్తున్నారు. అలా వస్తుండగానే ఒకటి నొక్కేశాను. నాకు వినపడలేదు, ఇంజను. ఆమెకీ వినపడలేదు. కానీ పిలుస్తున్న మనిషిని పోల్చుకోవడానికి చెవులు కావాలా? ఎవరో నాకు తెలిసింది. తెలిసిన తర్వాతే చెయ్యి లేచింది.

అలవాటు కొద్దీ లేచిందా? అలవాటే అని చెప్పుకుంటే సుఖంగా ఉంటుంది. కానీ చెయ్యి గాల్లో ఉండగా నేను ఆలోచించాను కూడా. ఒక్క ఫొటో ఖాళీగా తీసుకుని, తర్వాత ఆయన్ని రమ్మందాం, కూతురి పక్కన నిలబెట్టి ఇంకోటి తీద్దాం అనుకున్నాను. మూడో ముడి మళ్ళీ వేయించినవాణ్ణి కదా, తండ్రిని కూడా మళ్ళీ రప్పించగలననుకున్నాను.

ఆయన ఆగారు. నా చెయ్యి ఇంకెవరి కోసమోనని వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేరు. మళ్ళీ ఊపాను. గొడుగు కిందికి దిగింది. రానన్న పెళ్ళికి మనసు మార్చుకుని వచ్చిన మనిషి, అందరి ముందూ కాదన్న మనిషి, అటువైపు నుంచి పొమ్మని చెయ్యి ఊగితే ఏమనుకుంటారు? ఫొటో కోసమనుకుంటారా? వాలులోకి దిగి, గడ్డి పట్టుకుంటూ వెనక్కి వెళ్ళారు. నేను నొక్కాను. తర్వాత తలెత్తి చూస్తే రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. అప్పుడైనా నోరు విప్పి ఉంటే రాంబాబు మోటారుసైకిలు మీద వెళ్ళి ఆ ఆటోని పట్టుకునేవాడు. ఎవర్నీ జరగమననని ఒప్పుకున్నవాణ్ణి. పరువు పోతుందని ఊరుకున్నాను. నా పరువు! అదెంతటిదో మీకు మొదట్లోనే చెప్పాను.

కత్తిరించింది ఆయన పిలుస్తూ వస్తున్న ఫొటో. ఆమె వెళ్ళిన పూటే స్టూడియో వెనక అగ్గిపుల్ల గీసి దాన్ని కాల్చేశాను.

ఖాళీ గట్టు ఫొటోని పెద్దది చేయించి, "గట్టు మీద ఒక్కతే" అని పేరు పెట్టి షోకేసులో పెట్టాను. అది నన్ను పెద్దవాణ్ణి చేసింది. తమ పెళ్ళి తమకి నచ్చినట్టు చేసుకుందామనుకునే పిల్లలు తణుకు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. "అంత ఖాళీగా ఎలా దొరికిందండీ?" అని అడిగేవాళ్ళు. "కాచుకుని కూర్చోవాలి బాబూ. దొరికినదాన్ని ముట్టుకోకూడదు" అనేవాణ్ణి. వాళ్ళు తలాడించేవాళ్ళు. ఒకడైతే దండం పెట్టాడు.

తండ్రీకూతుళ్ళు మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆయన రాలేదని ఆమె, రానివ్వలేదని ఆయన. అవతలివాళ్ళే ముందుగా పలకరిస్తారేమోనని ఇద్దరూ ఎన్నాళ్ళు కాచుకున్నారో నాకు తెలియదు. కొన్నేళ్ళకి మాస్టారు పోయారు. వాళ్ళ కుటుంబాల్లో సమాధికి తీసుకెళ్ళేముందు పెట్టె చుట్టూ అందరూ నిలబడి ఫొటో తీయించుకుంటారు. సువార్త నన్నే పిలిపించింది. వెళ్ళకుండా ఉండవలసింది. వెళ్ళాను.

ఆమె పెట్టె తల వైపు నిలబడింది. పిన్నిగారు అందుకుంది: "బతికుండగా ఒక్కసారి మొహం చూపించలేదే నువ్వు."

"ఆయనే రాలేదు పిన్నీ. నేను రమ్మనే అన్నాను" అంది సువార్త. ఏడవడం లేదు. నా వైపు తిరిగింది. "కావాలంటే ఈయన్ని అడుగు. ఆ రోజు అంతా చూసింది ఈయనే."

అందరూ నన్ను చూశారు. నేను తలాడించాను.

ఆయన అక్కడే ఉన్నారు. తెల్లచొక్కాతోనే ఉన్నారు. ఆయన మొహం ముందు నిలబడి, ఆయన రాలేదని తలాడించాను. తర్వాత కెమెరా ఎత్తితే ఎవరిదో వీపు సగం ఫొటోకి అడ్డంగా ఉంది. చెయ్యి లేవలేదు. అలాగే తీశాను. ఆ ఫొటోలో సువార్త మొహం సగమే ఉంటుంది.

అప్పటినుంచి ఏ పెళ్ళిలోనూ నాకు ఖాళీ కనపడదు. పెళ్ళికూతురు వెనక తలుపు ఉంటే, ఆ తలుపులోంచి ఎవరో రాబోతున్నట్టుంటుంది. కన్ను తీసి చూస్తే ఎవరూ ఉండరు. కొల్లేటిలో సర్కారువాళ్ళు చేపలచెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ గట్టు కూడా పోయిందన్నారు. చూడ్డానికి వెళ్ళాను. నీళ్ళు, నాచు, పక్షులు. గట్టు ఉండిన చోటు ఎవరూ చూపించకుండానే నాకు తెలిసింది. అక్కడ నీళ్ళ మీద కూడా ఆయన వస్తున్నట్టే అనిపించింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

ఆమె దగ్గరికి వెళ్ళి ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. తణుకులో ఒకసారి కనిపించింది. చంకలో పిల్లవాడు. "మా పెళ్ళి ఫొటోలు తీసిన తాతగారు" అని వాడికి చూపించింది. ఆ ఫొటో వాళ్ళ హాల్లో ఉందట. చెప్పడానికి నోరు తెరిచాను. "దాన్ని చూడ్డానికి హైదరాబాదు నుంచి కూడా వస్తున్నారమ్మా" అన్నాను. ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆయన వచ్చారనడానికి ఫిల్ము లేదు, గట్టు లేదు, ఆయనా లేరు. నా మాట ఒక్కటే ఉంది. నమ్మదగ్గ మాట ఒక్కటైనా దాచుకోలేదు నేను, ఈ ఒక్క అవసరానికి. అందుకే పేరు పెట్టకుండా రాస్తున్నాను. పేరు చూస్తే ఏలూరులో నవ్వేసి పేజీ తిప్పేస్తారు. క్షమించమని అడగను. అడిగితే అది కూడా ఒక ఫొటో కోసం నిలబడినట్టే ఉంటుంది. రాస్తుంటే మాత్రం, ఎన్నాళ్ళనుంచో బిగదీసుకుని ఉన్న చోట కొంచెం ఊపిరి ఆడుతోంది.

అమ్మా, ఇది నీ కంట పడితే. మీ నాన్నగారు వచ్చారు. గొడుగు ఊపుకుంటూ, నిన్ను పిలుచుకుంటూ, ఇంచుమించు పరిగెడుతూ వచ్చారు. ఆ ఇంజను చప్పుడులో నీకు వినపడలేదు. నువ్వు వెనక్కి తిరగకపోవడం నీ తప్పు కాదు, వెళ్ళిపోవడం ఆయన తప్పు కాదు. ఆయన్ని పొమ్మన్నది నేను.